సూర్యలంక వెళ్ళొచ్చాం బావా

తెనాలి,
మంగళవారం రాత్రి

ఒరే బావా,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. డిసెంబరు సెలవుల్లో వస్తున్నామనీ, పిల్లలకి ఈత రాదనీ, భయం లేకుండా ఆడుకునే సముద్రం ఎక్కడుందో చెప్పమనీ అడిగావు. గోవానా, వైజాగా అని కూడా అడిగావు. వెంటనే రాసేవాణ్ణే. ఒకసారి మళ్ళీ నా కళ్ళతో చూసి రాద్దామని ఆగాను. నిన్న రాత్రే తిరిగొచ్చాం. అంత దూరాలు ఎందుకురా, సూర్యలంకకి రండి.

అవును, మన సూర్యలంకే. అగ్రికల్చర్ కాలేజీ హాస్టల్లో సైకిళ్ళు అడుక్కుని, డబుల్స్ తొక్కుకుంటూ పోయేవాళ్ళం చూడు, అదే. బాపట్ల నుంచి ఆ తొమ్మిది కిలోమీటర్లూ ఎదురుగాలిలో తొక్కితే కాళ్ళు పీకేవి. ఇప్పుడు ఆటోలో కూర్చుంటే ఇట్టే వచ్చేస్తుంది. 2022లో బాపట్ల జిల్లా కేంద్రం అయ్యింది కదా, ఊళ్ళో సందడి పెరిగింది. భావనారాయణ స్వామి గుడి దగ్గర మాత్రం అదే నీడ, అదే నెమ్మది. ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ దాటాక సరుగుడు తోటల్లోంచి వచ్చే ఆ హోరు వినపడగానే నువ్వు పక్కన ఉంటే బాగుండు అనిపించింది.

దారిలో ఒకచోట ఆటో ఆపించి పిల్లలకి దొరువు చూపించా. గుర్తుందా? కాలేజీలో నేలల పాఠం చెప్పే మన సాయిల్స్ సారు నిలబెట్టి మరీ చెప్పేవారు. ఇసుక నేలలో గొయ్యి తవ్వితే పైపైనే తియ్యటి నీళ్ళు. వాన నీరు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. ఆశపడి లోతుగా తవ్వినా, మోటారు పెట్టి గట్టిగా తోడినా కింది ఉప్పు పైకొస్తుంది. అందుకే చిల్లులు పెట్టిన గొట్టాలు ఇసుకలో అడ్డంగా పరిచి, పై నీటిని మాత్రం నెమ్మదిగా ఒక బావిలోకి రప్పించే పద్ధతి మన బాపట్లలోనే పరిశోధన చేసి రైతులకి ఇచ్చారు. ఆకుకూర మడికి కడవలతో నీళ్ళు పోస్తున్న పెద్దాయన ఒక దోసెడు నా చేతిలో పోశాడు. సముద్రం ఆ పక్కనే హోరుమంటోంది, నోట్లో నీళ్ళు తియ్యగా ఉన్నాయి. మావాడు నమ్మలేక రెండుసార్లు తాగాడు. నీ పిల్లలకీ ఇది తప్పకుండా చూపించాలి. వాళ్ళ నాన్న చదివిన చదువు ఇక్కడుంది.

ఇంక సముద్రం సంగతి. మేం ఆదివారం సాయంత్రం చేరాం. జాతరలా ఉంది జనం. ఒడ్డునే ఉన్న టూరిజం వాళ్ళ కాటేజీలో రాత్రి ఉండి, సోమవారం సెలవు పెట్టా. అసలు సూర్యలంక ఆ సోమవారం పొద్దున కనపడింది. సూర్యుడు నీళ్ళలోంచి లేస్తున్నాడు, ఒడ్డు మీద మేమూ, వల దులుపుకుంటున్న నలుగురు మత్స్యకారులూ, అంతే. పెద్దాడు లోపలికి నడుస్తూ నడుస్తూ చాలా దూరం పోయినా నీళ్ళు మోకాలు దాటలేదు. అల ఎక్కడో దూరంగా ఒకసారి విరుగుతుంది. అక్కడ నీళ్ళ కింద ఇసుక తిన్నె ఉంటుంది. అల బలమంతా దానిమీదే పోయి, మన దగ్గరికొచ్చేసరికి చారెడు నురగ మిగులుతుంది. చిన్నది ఆ నురగని దోసిట్లో పట్టుకుని వాళ్ళమ్మకి చూపించాలని పరిగెత్తుకొస్తుంది, వచ్చేసరికి చేతిలో ఏమీ ఉండదు. మళ్ళీ పరుగు. ఒక గంట అదే ఆట.

ఇంకో సంగతి చూశాం. తడి ఇసుక మీద చిన్న చిన్న పీతల బొరియలు, ఒక్కో బొరియ చుట్టూ మిరియాల గింజలంత ఇసుక ఉండలు, ముగ్గు చుక్కల్లాగా. పీత ఇసుకని నోట్లో పెట్టుకుని, అందులో తినేదేదో తిని, మిగిలిన ఇసుకని ఉండ చేసి పక్కన పెడుతుంది. మనం కదలకుండా కూర్చుంటేనే బయటికొస్తుంది. ఫోన్ చేతిలో ఉంటే పది నిమిషాలు కుదురుగా ఉండని పెద్దాడు, ఆ పీత కోసం అరగంట ఊపిరి బిగబట్టి బోర్లా పడుకున్నాడు. మీ చెల్లెలు వాడికేసి చూసి నన్ను పిలిచి చూపించింది, మాట్లాడకుండా.

అమ్మ సంగతి రాయాలిరా. అసలు ఈ ఉత్తరం అందుకే రాస్తున్నా.

మా అమ్మమ్మ వాళ్ళది దివిసీమ అని నీకు తెలుసు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు అమ్మకి పద్నాలుగేళ్ళు. రాత్రంతా తుమ్మచెట్టు పట్టుకుని ఉంది. పక్క కొమ్మ మీద ఉన్న వాళ్ళ అక్క తెల్లారేసరికి లేదు. పదివేల మంది దాకా పోయిన ఆ ఉప్పెనలో మా ఇంటి లెక్క ఒకటి. ఆ తర్వాత అమ్మ సముద్రం ముఖం చూడలేదు. మనం చదువుకునే రోజుల్లో నువ్వు మా ఇంటికొస్తే, అన్నం పెడుతూ "సముద్రం వైపు పోవట్లేదు కదరా" అని అడిగేది. "లేదత్తయ్యా" అనేవాడివి. నేను తల దించుకుని తినేవాణ్ణి. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటుతుందని టీవీలో చెప్పిన రాత్రి అయితే అస్సలు పడుకోలేదు. అన్నం వండి, మూట కట్టి, తలుపు పక్కన పెట్టుకుని కూర్చుంది.

అలాంటిది ఈసారి "నేనూ వస్తా" అంది. ఎందుకని నేను అడగలేదు. అడిగితే మానేస్తుందేమోనని టెన్షన్.

ఆదివారం సాయంత్రం కాటేజీ వరండా దాటలేదు. కుర్చీ కూడా సముద్రం కనపడకుండా పక్కకి తిప్పుకుంది. సోమవారం పొద్దున చిన్నది "నాయనమ్మా, రా" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి సరుగుడు చెట్ల దగ్గర నిలబెట్టి, తను నీళ్ళ వైపు పరిగెత్తింది. అంతే, దాని వెనకాలే అమ్మ పరుగు. పట్టుకుందామని పోయి, పట్టుకుంది, అప్పటికి చీలమండల దాకా నీళ్ళలో ఉంది. నేను దూరం నుంచి చూస్తున్నా, నా గుండె ఆగినంత పనైంది. అల వచ్చింది, చీర కుచ్చెళ్ళు తడిశాయి, వెనక్కి పోయింది. పోయేటప్పుడు పాదాల కింద ఇసుక జారుతుంది చూడు, అప్పుడు అమ్మ ఒక్కసారి వణికి చిన్నదాని భుజం గట్టిగా పట్టుకుంది. వెనక్కి మాత్రం రాలేదు. ఇంకో అల. ఇంకోటి.

నేను వెళ్ళి పక్కన నిలబడ్డా. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆ రాత్రి నల్లగా ఉన్నాయిరా నీళ్ళు" అంది. "ఇవి చూడు, పాదాలు కనపడుతున్నాయి."

వంగి, వేళ్ళు తడుపుకుని కళ్ళకద్దుకుంది. ఆ తర్వాత కొంగు ముడి విప్పింది. అందులో పసుపు కుంకుమ పొట్లం. అంటే ఇంట్లో బయల్దేరేటప్పుడే కట్టుకుందన్నమాట, ఎవరికీ చెప్పకుండా. రెండూ నీళ్ళలో వదిలి, "అక్కా" అంది. పైకే అంది. పసుపు కాసేపు నీటి మీద గీతలా తేలింది. చిన్నది ఆ గీత పోయేదాకా చూసి "మళ్ళీ వెయ్యి నాయనమ్మా" అంది. పొట్లంలో మిగిలిన చిటికెడూ దాని చేత వేయించింది.

నలభై ఏడేళ్ళు బావా. ఈ ఒడ్డు ఇంత నెమ్మదిగా లేకపోతే, ఆ అల ఇంకో జానెడు పెద్దదై ఉంటే అమ్మ మళ్ళీ జన్మలో అటు వచ్చేది కాదు. అందుకే నీకు ఇంత గట్టిగా చెబుతున్నా.

అయితే జాగ్రత్తలు కూడా చెప్పాలి, ఇవి తేలిగ్గా తీసుకోకు. నెమ్మదిగా ఉంది కదా అని లోపలికి పోయి మునిగిపోయిన కుర్రాళ్ళ గురించి మన తీరంలో ఏటా పేపర్లో చదువుతూనే ఉన్నాం. నీళ్ళ కింద తిన్నెల మధ్య సందులు ఉంటాయి, ఒడ్డుకొచ్చిన నీరంతా ఆ సందుల్లోంచి జోరుగా వెనక్కి పోతుంది. అలలు విరగకుండా నున్నగా కనపడే చోటు మంచిదనుకుంటాం, అక్కడే లాగేది. ఎవరైనా అందులో పడితే ఒడ్డుకేసి ఎదురీదకూడదు, పక్కకి ఈది బయటపడాలి. పిల్లలు మోకాలి లోతు దాటకూడదు, పక్కన పెద్దవాళ్ళు ఒకరుండాలి. గజ ఈతగాళ్ళు వద్దన్న వైపు పోవద్దు. డిసెంబరు అంటున్నావు కాబట్టి, తుఫాను కబురుందేమో చూసుకుని నెలాఖర్లో పెట్టుకుందాం. జనవరి, ఫిబ్రవరి అయితే సముద్రం ఇంకా నెమ్మది, కానీ నీ సెలవులు కుదరవు కదా. కార్తీక పౌర్ణమికి మాత్రం వద్దు, స్నానాలకి వచ్చే జనంలో పిల్లల్ని చూసుకోలేం. ఇంకోటి, చెప్పులు లేకుండా ఎక్కడపడితే అక్కడ నడవనివ్వకు. ఎవరో తాగి పగలగొట్టిన సీసా పెంకు పెద్దాడి మడమకి గుచ్చుకుంది. చిన్న గాయమే, కానీ నాకు చాలా కోపం వచ్చింది. మీ చెల్లెలూ నేనూ ఆ చుట్టుపక్కల పెంకులన్నీ ఏరి సంచిలో వేసి తెచ్చేశాం. నువ్వొచ్చినప్పుడు కూడా ఒక గోనెసంచి తీసుకెళ్దాం.

తిండి గురించి బెంగలేదు. ఒడ్డున చందువ చేపకి కారం పట్టించి పెనం మీద కాల్చి ఇచ్చారు, పిల్లలు ముళ్ళు తీసుకుంటూ నిదానంగా తిన్నారు. అమ్మ చేప తినదు, సోమవారం కదా. తేగలు కొనుక్కుంది. బాగా కాలిన తేగ చీల్చి, మధ్యలో చందమామని తీసి చిన్నదానికి పెట్టింది. ఆ వాసన నీకు అక్కడ ఎలా పంపించను? వచ్చేటప్పుడు వీలైతే వేటపాలెం దాకా పోయి జీడిపప్పు కొందాం, అలాగే సారస్వత నికేతనం కూడా చూపిద్దాం. 1918లో పెట్టిన లైబ్రరీ, పాత పత్రికలు ఎంత భద్రంగా దాచారో చూస్తే మా చెల్లెమ్మ బయటికి రాదు.

అమ్మ తడి చీర ఇంటికొచ్చాక కూడా వెంటనే ఉతకలేదు. దండెం మీద ఆరేసింది, అంచు మీద ఉప్పు తెల్లగా చారలు కట్టింది. ఇందాక నేను ఈ ఉత్తరం రాస్తుంటే వచ్చి ఎవరికని అడిగింది. నీకని చెప్పా. "వాడొచ్చినప్పుడు మళ్ళీ వెళ్తారా" అంది. వెళ్తామన్నా. "అయితే రెండు రాత్రులు ఉండేటట్టు చూడు" అని లోపలికి వెళ్ళింది.

టికెట్లు ఖాయం అవగానే తేదీలు రాయి. కాటేజీలు ముందే మాట్లాడాలి, రెండు కావాలి. మా చెల్లెమ్మనీ పిల్లల్నీ అడిగానని చెప్పు.

నీ
బావ