ఎండ్ పాయింట్ తర్వాత ఏమిటి?

సంపాదకుల వారికి నమస్కారం.

చాలా ఏళ్లుగా డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్నాను. ఈ మధ్య ల్యాబులో ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న నన్ను వదలడం లేదు, అందుకే ఈ ఉత్తరం. ఆ రోజు డైక్రోమేట్ టైట్రేషన్, అంటే గాఢత తెలిసిన ద్రావణాన్ని చుక్కలుగా పోస్తూ తెలియనిదాని గాఢత కనుక్కునే ప్రయోగం. ఫ్లాస్కులో ఫెర్రస్ (ఇనుము లవణం) ద్రావణం, బ్యూరెట్‌లో నారింజ రంగు పొటాషియం డైక్రోమేట్. చుక్క చుక్కా పడుతుంటే ఫ్లాస్కులో ఆకుపచ్చ చిక్కబడుతూ వచ్చి, చివరికి ఒకే ఒక్క చుక్కతో ఊదా రంగు తిరుగుతుంది, అదే ఎండ్ పాయింట్. రీడింగులు కలిశాయి, రికార్డులు రాసేశారు. బ్యూరెట్‌లో మిగిలింది మామూలుగానే సింకులో పోసి కుళాయి తిప్పారు. అప్పుడు అడిగింది, "మేడమ్, ఇదంతా ఎక్కడికి పోతుంది?" అని.

ఆ మిగిలినదాంట్లో ఉన్నది హెక్సావేలెంట్ క్రోమియం, అంటే ఆక్సీకరణ స్థితి ఆరు ఉన్న క్రోమియం. క్యాన్సర్ కారకం. నాకు తెలుసు, తెలిసీ ఇన్నేళ్లు పారబోయించాను. ఎండ్ పాయింట్ దగ్గర పాఠం అయిపోతుంది, ఆ తర్వాతది మన పని కాదన్నట్టే ఉండిపోయాను.

తర్వాతి వారం అందరి బ్యూరెట్లలో మిగిలింది ఒక బీకరులో పోగుచేయించి, యాసిడ్‌లోనే ఫెర్రస్ సల్ఫేట్ కాస్త ఎక్కువగా కలపమన్నాను. నారింజ పోయి ఆకుపచ్చ వచ్చింది, అంటే క్రోమియం ఆరు నుంచి, అంత ప్రమాదం లేని మూడుకి దిగింది. క్షారం వేసి పీహెచ్ పెంచితే బురదలా అవక్షేపం అడుగున కూర్చుంది. వడకట్టి, డబ్బాలో వేసి, లేబుల్ అంటించారు. ముందు వారం మార్కుల కోసం చేసిన రియాక్షనే ఇది! ఆ మాట వాళ్లే అన్నారు, నేను చెప్పలేదు. ఇంకో అబ్బాయి, చిన్న బ్యూరెట్ వాడితే అసలు ఇంత మిగిలేదే కాదు కదా అన్నాడు. డబ్బాను చివరికి ఎవరు తీసుకెళ్తారు, ఏం చేస్తారు అన్నది కూడా మాట్లాడుకున్నాం.

ఇలాంటి ఆలోచనకు సిస్టమ్స్ థింకింగ్ అని పెద్ద పేరు పెట్టారు గానీ నాకు అర్థమైనంతలో విషయం ఇదే. సమీకరణంలో బాణానికి అటూ ఇటూ ఉన్నవి ఎక్కడి నుంచి వచ్చాయి, ఎక్కడికి పోతాయి, పోయిన చోట ఏం చేస్తాయి అని వెంటబడి చూడటం.

ఎరువుల కోసం నైట్రోజన్, హైడ్రోజన్ కలిపి అమ్మోనియా తయారుచేసే హేబర్ పద్ధతినే తీసుకోండి. ఉష్ణోగ్రత, పీడనం, ఇనుము ఉత్ప్రేరకం, నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తారు. ఆ హైడ్రోజన్ ఎక్కడిదిరా అంటే మాత్రం నోరు మెదపరు. ఎక్కువ భాగం సహజవాయువు నుంచి, బొగ్గు నుంచి వస్తుంది, దాంతోపాటు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. చేలో చల్లిన ఎరువంతా పైరుకు అందదు, కొంత నైట్రేటుగా నీళ్లలో కలిసి నాచు పెరిగి, అది కుళ్లి, ఆక్సిజన్ అందక చేపలు చస్తాయి. కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా గాలిలోకి పోతుంది, వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 270 రెట్లు వేడెక్కిస్తుంది. అలాగని ఎరువును తిట్టిపోస్తే సరిపోదు, ప్రపంచంలో దాదాపు సగం మంది తిండి దాని మీదే ఆధారపడి ఉంది. ఈ రెండూ ఒకేసారి బుర్రలో పెట్టుకుని ఆలోచించడం మనం ఎక్కడ నేర్పుతున్నాం?

సీఎఫ్‌సీలూ (క్లోరోఫ్లోరోకార్బన్లు) అంతే. నిప్పు అంటుకోవు, విషం కావు, అందుకే ఫ్రిజ్‌లలో వాడారు. అంత తేలిగ్గా విడిపోని గుణమే వాటిని ఓజోన్ పొర దాకా చేర్చి దాన్ని దెబ్బతీసేలా చేస్తోందని 1974లో శాస్త్రవేత్తలు మొలీనా, రోలాండ్ చెప్పారు. వాటి వాడకం తగ్గించాలని 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది. వాటి బదులు తెచ్చిన హెచ్‌ఎఫ్‌సీలు ఓజోన్ జోలికి పోలేదు గానీ భూమిని వేడెక్కిస్తున్నాయి, వాటిని తగ్గించుకుంటూ రావాలని మళ్లీ 2016లో కిగాలీలో ఒప్పుకోవాల్సి వచ్చింది.

సిలబస్ ఇప్పటికే బరువు, ఇంకెక్కడ పెడతారు అంటారు తోటి లెక్చరర్లు. నిజమే, అందుకే కొత్త పేపరు వద్దంటున్నాను. విడిగా పేపరు పెడితే అదొక బట్టీ సబ్జెక్టు అయి కూర్చుంటుంది. మోల్ లెక్కలు, సమతాస్థితి తగ్గించమనీ అనను, అవి రాకపోతే పైన చెప్పిందేదీ అర్థం కాదు. ఉన్న పాఠంలోనే ఇంకో రెండు ప్రశ్నలు అడగమంటున్నాను. నొప్పి మాత్ర ఇబుప్రోఫెన్ తయారీలో పాత ఆరు దశల పద్ధతి అటామ్ ఎకానమీ (వాడిన పదార్థాల్లో ఎంత వంతు చివరి సరుకులోకి చేరిందన్న లెక్క) 40 శాతం, తర్వాత వచ్చిన మూడు దశల పద్ధతిది 77 శాతం. దిగుబడి లెక్క చేయించే రోజునే ఇదీ చేయించవచ్చు, పది నిమిషాల పని.

కానీ పరీక్షలో రానిది క్లాసులో ఎంత మొత్తుకున్నా పిల్లలు పట్టించుకోరు, వాళ్ల టెన్షన్ వాళ్లది. కాబట్టి ప్రశ్నపత్రాలు తయారుచేసే వారిని నేను అడిగేది ఒక్కటే. ప్రాక్టికల్ పరీక్షలో ఐదు మార్కులు దీనికి ఇవ్వండి: ప్రయోగం అయ్యాక మీ బల్ల మీద ఏం మిగిలింది, దాన్ని ఏం చేస్తారు?

— ఒక కెమిస్ట్రీ లెక్చరర్