మీ చెల్లెలి మాత్రల గురించి అడిగావు కదా

ప్రియమిత్రుడు సుధాకర్‌కు,

నీ ఉత్తరం అందింది. మీ చెల్లెలికి ఊపిరితిత్తుల ధమనుల్లో రక్తపోటు పెరిగిందనీ, వైద్యులు బోసెంటాన్ మొదలుపెట్టారనీ చదివి రెండు రోజులు నా మనసు మనసులో లేదు. ఆ మందు అడ్డుకునే, రక్తనాళాలను బిగించే ఎండోథెలిన్ అంత చెడ్డదైతే శరీరం దాన్ని ఎందుకు తయారు చేసుకుంటోందని అడిగావు. ఎన్నో ఏళ్లుగా నా పని దీని చుట్టూనే తిరుగుతోంది కనుక తీరుబడిగా రాస్తున్నాను.

1988లో జపాన్‌లోని సుకుబా విశ్వవిద్యాలయంలో మసాషి యనగిసావా, తొమో మసాకీల బృందం పంది మహాధమని లోపలి పొర కణాలను పెంచిన ద్రవం నుంచి ఈ పెప్టైడ్‌ను వేరుచేసింది. అది 21 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. రెండు గంధకపు బంధాలు దాన్ని ముడివేసి ఉంచుతాయి. నేలలో బొరియలు చేసుకుని బతికే ఒక జాతి పాము విషంలోని సారఫోటాక్సిన్‌లకూ దీనికీ నిర్మాణంలో తోబుట్టువుల పోలిక ఉంది. విషంలో ఉండేదానికి ఇంత దగ్గరి చుట్టం మన రక్తనాళాల గోడల్లోనే తయారవుతోందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

దాని స్వభావం నాకు పుస్తకాల కంటే ప్రయోగశాలలోనే బాగా తెలిసింది. ధమనిని ఉంగరంలా కోసి, గోరువెచ్చని లవణ ద్రావణంలో రెండు కొక్కేల మధ్య వేలాడదీస్తే, అది ఎంత బిగుసుకుంటే తెర మీద గీత అంత పైకి లేస్తుంది. నాళాన్ని బిగించే మరో రసాయనం నారడ్రినలిన్ వేస్తే గీత చప్పున ఎగసి, ద్రావణం మార్చగానే దిగిపోతుంది. ఎండోథెలిన్ వేస్తే మాత్రం మెల్లగా ఎక్కుతుంది, ఆ తర్వాత ఎన్నిసార్లు కడిగినా ఒక పట్టాన దిగిరాదు. రక్తంలో దాని ఆయుష్షు కొద్ది నిమిషాలే అయినా, కణం మీద దాని సంకేతాన్ని అందుకునే గ్రాహకాన్ని ఒకసారి పట్టుకుందంటే అంత తేలికగా వదలదు. పైగా లోపలి పొర కణాలు దీన్ని రక్తంలోకి కంటే పక్కనున్న కండరం వైపే ఎక్కువగా వదులుతాయి కనుక, రక్తపరీక్షలో కనిపించే మోతాదును బట్టి అసలు జరుగుతున్నదంతా అంచనా వేయలేము.

ఇక నీ ప్రశ్నకు వస్తాను. దీనికి ఏ, బీ అని రెండు గ్రాహకాలున్నాయి. కండరం మీది ఏ గ్రాహకానికి అంటుకుంటే నాళం ముడుచుకుంటుంది, కాలక్రమంలో గోడ మందమవుతుంది. మీ చెల్లెలి ఊపిరితిత్తుల్లో జరుగుతున్నది ఇదే. కండరం మీద కొంత బీ కూడా ఉండి ఆ బిగింపుకే తోడవుతుంది కానీ, లోపలి పొర మీది బీ గ్రాహకం నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేయించి నాళాన్ని సడలిస్తుంది, రక్తంలో తిరిగే ఎండోథెలిన్‌ను ఊపిరితిత్తుల్లో తొలగిస్తుంది, మూత్రపిండంలో ఉప్పును బయటికి పంపడానికి తోడ్పడుతుంది. అందుకే దీన్ని శత్రువు అనడానికి నాకు మనసొప్పదు.

పుట్టుకకు ముందే దీని పని మొదలవుతుంది. మొదటి రకం ఎండోథెలిన్ జన్యువును తొలగించిన ఎలుకపిల్లలు దవడ సరిగా ఏర్పడక, పుట్టగానే చనిపోతాయి. మూడో రకాన్ని గానీ, బీ గ్రాహకాన్ని గానీ తొలగిస్తే ఒంటి మీద తెల్లమచ్చలు వస్తాయి, పెద్దపేగు చివరి భాగం నాడీకణాలు లేక కదలదు, దాని పైభాగం ఉబ్బిపోతుంది. రంగునిచ్చే కణాలూ పేగు నాడీకణాలూ పిండంలో ఒకే చోట బయలుదేరి ప్రయాణిస్తాయి. ఆ ప్రయాణానికి ఈ సంకేతం కావాలి. ఇలాగే పేగు చివర నాడీకణాలు లేని హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధితో పుట్టే పసిపిల్లల్లో కొందరికి ఇవే జన్యువుల్లో లోపం ఉంటుంది. గర్భం దాల్చే వయసు స్త్రీలకు ఈ మందు ఇచ్చేటప్పుడు నెలనెలా గర్భపరీక్ష అడగడం ఇందుకే. మీ చెల్లెలు దాన్ని అవమానంగా భావించవద్దని నా మాటగా చెప్పు.

ఈ మందుతో పాటు చేయించే కాలేయ పరీక్షకు కారణం వేరు. పైత్య లవణాలను బయటికి పంపే మార్గానికి బోసెంటాన్ అడ్డుపడుతుంది. సిటాక్సెంటాన్ అనే మరో మందును కాలేయానికి తీవ్రమైన హాని చేస్తోందని 2010లో ఉపసంహరించారు కూడా. 2001లో అమెరికాలో అనుమతి పొందిన బోసెంటాన్ రెండు గ్రాహకాలనూ అడ్డుకుంటుంది. 2007లో వచ్చిన ఆంబ్రిసెంటాన్ ప్రధానంగా ఏ గ్రాహకాన్నే. గుండె వైఫల్యంలోనూ ఇలాంటి మందులు పనిచేస్తాయని మేమంతా ఎంతో ఆశపడ్డాం. ఒంట్లో నీరు చేరడమే తప్ప మేలు కనిపించలేదు, ఆ నిరాశ నాకు ఇంకా గుర్తుంది. మూత్రపిండ వ్యాధిలోనూ, ఎన్ని మందులకూ లొంగని రక్తపోటులోనూ మాత్రం ఇటీవల ఈ కోవకు చెందిన కొత్త మందులకు అనుమతులు లభించాయి.

ఆమె చీలమండలు రోజూ చూసుకోవాలి. వాపు వస్తే, ఆయాసం పెరిగితే, కళ్లు పచ్చబడితే ఆగకుండా వైద్యుడికి చెప్పాలి. మాత్రలు తనంతట తాను మానకూడదు. మధుమేహానికి గ్లైబెన్‌క్లమైడ్ గానీ, రోగనిరోధక శక్తిని అణచే సైక్లోస్పోరిన్ గానీ వాడుతుంటే వాటిని బోసెంటాన్‌తో కలపకూడదు. గర్భనిరోధక మాత్రల బలాన్ని కూడా ఇది తగ్గిస్తుంది కాబట్టి వాటిని ఒక్కటే నమ్ముకోవద్దు. ఆమె వాడుతున్న మందులన్నిటి పేర్లూ ఒక కాగితం మీద రాసి వైద్యుడికి చూపించు, నాకూ ఒక ప్రతి పంపు. అది అందిన రోజే జవాబు రాస్తాను.

నీ
రఘు