గాలం కర్రకు అతుకు వేసేటప్పుడు

సంపాదకులకు నమస్కారం.

కాలువలకు నీళ్లు వదిలారంటే చాలు, బైకుల వెనక పదేసి అడుగుల గాలం కర్రలు ఊగుతూ కనిపిస్తాయి. వెనక వచ్చేవాళ్ల కళ్లకు అది ప్రమాదం. కర్రను రెండు ముక్కలు చేసి ఇంట్లోనే అతుకు వేసుకుంటే ఈ బాధ తప్పుతుంది. కానీ చాలామంది పీవీసీ పైపు ముక్క తొడిగి సరిపెడుతున్నారు. ఎండకు పీవీసీ మెత్తబడుతుంది, బరువైన చేప పడగానే అతుకు దగ్గరే కర్ర వంగిపోతుంది. అందుకే ఈ ఉత్తరం.

గొట్టం ఇత్తడిదో స్టీలుదో కావాలి. 10 అడుగుల వెదురు కర్ర నడుమ దాదాపు 17 మిల్లీమీటర్ల లావుంటే ముప్పావు అంగుళం కర్టెన్ పైపు సరిపోతుంది. కర్రను కొట్టుకు తీసుకెళ్లి, తొడిగి చూసి కొనండి. 8 అంగుళాల ముక్క కోయించి, లోపల వెల్డింగు గీత పైకి లేచి ఉంటే అరగదీయండి. ఇందులో 3 అంగుళాలు మొదలు ముక్కకు అంటించాలి, మిగతా 5 అంగుళాల్లోకి కొస ముక్క దూరాలి. కర్ర లావుకు కనీసం ఏడు రెట్లయినా లోపలికి దిగకపోతే, లాగినప్పుడల్లా లోపల కదిలి కదిలి గొట్టం అంచు దగ్గర వెదురు నలుగుతుంది. విరిగేది కూడా అక్కడే.

కోసేముందు కర్ర నీడలో పూర్తిగా ఆరాలి. పచ్చిగా ఉన్నప్పుడు కొలత తీస్తే తర్వాత వదులైపోతుంది. సరిగ్గా సగానికి కోయకండి. కొస ముక్క 62న్నర అంగుళాలు, మొదలు ముక్క 57న్నర అంగుళాలు ఉంచితే, పైకి వచ్చే 5 అంగుళాల గొట్టంతో కలిపి రెండూ సమానమవుతాయి. అతుకు కాస్త కిందికి రావడం వల్ల పైభాగం హాయిగా వంగుతుంది కూడా. కోత కణుపు మీద పడేట్టుంటే రెండంగుళాలు అటో ఇటో జరపండి. కోసేచోట టేపు చుట్టి, సన్నపళ్ల రంపపు బ్లేడుతో కోస్తే పీచు లేవదు.

వెదురు బలమంతా పైతొక్కలోనే ఉంది. కాబట్టి గొట్టంలో దూర్చడానికి కత్తితో చెక్కవద్దు, గరుకు కాగితంతో కొద్దికొద్దిగా రుద్దండి. వదులుగా ఉంటే పర్వాలేదు: నూలు దారం ఒక వరస చుట్టి, అరాల్డైట్ జిగురు పూసి, ఆరాక రుద్ది సరిచేయవచ్చు. బిగువు మాత్రం మరీ ఎక్కువ పనికిరాదు, తడికి వెదురు ఉబ్బుతుంది. కాగితం మందం ఖాళీ వదిలి మైనం రుద్దితే చాలు.

అంటించే ముందు గొట్టం లోపల గరుకు కాగితంతో గీకి, థిన్నరుతో తుడవండి. తర్వాత వేలు పెట్టకండి, చేతి జిడ్డుకు జిగురు పట్టదు. అరాల్డైట్ రెండు ట్యూబుల్లోంచీ సమానంగా తీసి, బాగా కలిపి, మొదలు ముక్కకు పూసి, తిప్పుతూ దూర్చండి. అవతలి వైపుకు చిమ్మిన జిగురును వెంటనే తుడిచేయాలి, గట్టిపడితే కొస ముక్క దిగదు. ఒక రోజంతా కదపకండి. అయిదు నిమిషాల్లో గట్టిపడే రకాలు ఈ పనికి నమ్మదగినవి కావు. చివరగా కొస ముక్క మీద, గొట్టం అంచు దాటిన చోట, అంగుళం మేర నైలాన్ దారం బిగించి చుట్టి వార్నిష్ వేయండి. వెదురు చీలదు, ఎంతవరకు దూర్చాలో గుర్తూ ఉంటుంది. కోసిన చివరలకూ వార్నిష్ తప్పనిసరి, నీళ్లు పీల్చేది అక్కడి నుంచే.

మణికట్టు నొప్పికి కారణం ఎక్కువగా సన్నటి పిడి. బొటనవేలు, చూపుడువేలు చుట్టూ తిరిగి కొసలు తాకేంత లావు ఉండాలి. నాడా చుట్టి పైన బ్యాడ్మింటన్ గ్రిప్ వేస్తే సరి. సైకిలు ట్యూబు ఎండకు జిగటగా మారుతుంది, చేప జిగురు తగిలితే జారుతుంది. కొస బరువుగా అనిపిస్తే పిడి చివర 100 గ్రాముల సీసం ముందు టేపుతో కట్టి చూడండి, సుఖంగా ఉంటేనే అంటించండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది కరెంటు. కాలువ గట్ల వెంబడి చాలాచోట్ల 11 కేవీ (11 వేల వోల్టుల) కరెంటు తీగలు పోతుంటాయి. తడిసిన వెదురు, కార్బన్ రాడ్డు రెండూ కరెంటును పాకిస్తాయి. తీగల కింద నడిచేటప్పుడు ముక్కలు విడదీసే ఉంచండి. ఇలాంటి చోట్ల హెచ్చరిక బోర్డులు పెట్టమని విద్యుత్, జలవనరుల శాఖలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాం. ప్రయాణంలో గాలాన్ని బెండు ముక్కకు గుచ్చాలి. వేట అయిన వెంటనే ముక్కలు విడదీయండి. తడికి బిగుసుకుపోతే పట్టకారు జోలికి పోకుండా నీడలో ఒకరోజు ఉంచండి, వెదురు ఆరి తనంతట తానే వదులవుతుంది.

ఇట్లు,
గాలం వేసే కొందరు పాఠకులు,
ధవళేశ్వరం