కొండ మీది మట్టికీ లెక్క ఉండాలి

సంపాదకుడు గారికి,

డిసెంబర్ 5 ప్రపంచ నేల దినోత్సవం, 11 అంతర్జాతీయ పర్వత దినోత్సవం. మొదటి రోజు పత్రికల్లో పొలాల ఫొటోలు వస్తాయి, రెండో రోజు మంచు శిఖరాలవి. ఆ శిఖరాల దగ్గర కూడా మట్టి ఉంటుందని, అందులో ప్రాణం ఉంటుందని మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

5,500 మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉన్నదాంట్లో సుమారు సగమే. అతినీలలోహిత కిరణాల తాకిడి వెయ్యి మీటర్లకు దాదాపు 10 శాతం చొప్పున పెరుగుతుంది. పగలు కరిగిన నేల రాత్రికి గడ్డకడుతుంది. మనకు నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చే ఆ చోట సూక్ష్మజీవులు కాపురం చేస్తున్నాయి. చలికి కొవ్వు పేరుకుంటుంది కదా, కణం చుట్టూ ఉండే పొరలో కూడా కొవ్వులుంటాయి. అందుకని చలికి త్వరగా పేరుకోని రకం కొవ్వుల్ని అవి ఆ పొరలో పెంచుకుంటాయి. కొన్ని ట్రెహలోజ్ అనే చక్కెరను కూడబెట్టుకుని గడ్డకట్టే దెబ్బను తట్టుకుంటాయి. ఎండకు కెరోటినాయిడ్లు అనే పసుపు, నారింజ రంగు పదార్థాలు అడ్డుపడతాయి. అయినా డీఎన్ఏ దెబ్బతింటే, దాన్ని వెలుతురు సాయంతోనే బాగుచేసే ఎంజైమ్ కొన్నింటికి ఉంది. కొట్టిన చేత్తోనే మందు రాయించుకోవడమన్నమాట!

ఎత్తయిన చలి ఎడారుల్లో నేల మీద అక్కడక్కడా నల్లటి పెచ్చు కనిపిస్తుంది. చూడ్డానికి మురికిలా ఉంటుంది. చిన్న ముక్క తీసి భూతద్దంలో చూస్తే ఇసుక రేణువులు సన్నటి దారాలకు వేలాడుతుంటాయి. ఆ దారాలు మైక్రోకోలియస్ వంటి సయనోబ్యాక్టీరియావి, అంటే మొక్కల్లా వెలుతురుతో ఆహారం తయారుచేసుకునే బ్యాక్టీరియావి. తడి తగిలితే తమ జిగురు ఒరల్లోంచి బయటికి పాకుతాయి, ఆరితే కదలకుండా ఉండిపోతాయి. వదిలేసిన ఒరలు కూడా ఇసుకను పట్టుకునే ఉంటాయి. గాలికీ నీటికీ మట్టి కొట్టుకుపోకుండా కాసేది ఆ పెచ్చే. ఎండిన పెచ్చు మీద బూటు పడితే పొడిపొడి అవుతుంది. మళ్లీ కట్టుకోవడానికి దశాబ్దాలు పట్టొచ్చు.

ఎవరెస్ట్ శిఖరానికి దిగువనున్న సౌత్ కోల్ అనే కనుమ దగ్గర, సుమారు 7,900 మీటర్ల ఎత్తున, మనిషి ఒంటి మీదా ముక్కూ నోటిలోనూ ఉండే స్టాఫిలోకోకస్, స్ట్రెప్టోకోకస్ అనే బ్యాక్టీరియా మట్టిలో దొరికాయని 2023లో పరిశోధకులు ప్రకటించారు. అక్కడ అవి పెరగడం కష్టమే, చలికి నిద్రాణంగా పడి ఉంటాయి. మన తుమ్మూ దగ్గూ కూడా అంతదాకా చేరాయి.

రోడ్డుకో రోప్‌వేకో అనుమతి అడిగేటప్పుడు చెట్లు లెక్కపెడతారు, జంతువుల పేర్లు రాస్తారు. చెట్టు మొలవని ఎత్తులో 'బంజరు' అని ఒక్క మాట రాసి ఊరుకుంటే ఎలా? మట్టి పరీక్షలో సూక్ష్మజీవుల్నీ చేర్చాలి. తవ్వక తప్పకపోతే పైపొరను ముందే విడిగా తీసి పెట్టి, పని అయ్యాక పైనే పరచాలి. కొండెక్కేవాళ్లు అడ్డదారులు తొక్కకుండా ఒకే బాట గీయాలి. ఇదేమీ కోట్ల ఖర్చు పని కాదు.

వచ్చే డిసెంబర్‌లో మీరు శిఖరం ఫొటో వేసేటప్పుడు, పక్కన ఆ నల్ల పెచ్చుకు కూడా కాస్త చోటివ్వండి.

ఇట్లు,
ఓ సైన్స్ ఉపాధ్యాయుడు