కంటి శిబిరాలు వెళ్లిపోయాక పేదలకు దిక్కెవరు?

సంపాదకులు గారికి,

నమస్కారం. పేదలకు ఉచిత వైద్యం అనగానే మన చర్చంతా పెద్దాసుపత్రుల చుట్టూ, ఆరోగ్యశ్రీ బకాయిల చుట్టూ తిరుగుతుంది. ఆపరేషన్ ఉచితమే అయినా ఆ ఆపరేషన్ బల్ల దాకా పేదవాడు ఎలా చేరుకుంటాడన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టడం లేదు. కంటి వైద్యంలో ఈ ప్రశ్నకు మన గడ్డ మీదే సమాధానం దొరికింది కనుక, దానిని ప్రభుత్వాల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

అమెరికాలో వృత్తిని వదిలి వచ్చిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు సంకల్పానికి సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ కోటి రూపాయలు, అయిదెకరాల స్థలం తోడుచేయగా, 1987లో హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ మొదలైంది. ఇచ్చుకోగలిగినవారి దగ్గర రుసుము తీసుకుని, ఇచ్చుకోలేనివారికి, అంటే వచ్చినవారిలో సుమారు సగం మందికి, అదే నాణ్యతతో ఉచితంగా వైద్యం చేయడం దాని పద్ధతి. అయితే ఆ సంస్థ చేసిన అసలు గొప్ప పని నగరంలో లేదు. 1996లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముథోల్‌లో గ్రామీణ కంటి ఆసుపత్రి తెరవడంతో మొదలై, ఒక అంచెల వ్యవస్థ ఏర్పడింది. సుమారు 50 వేల జనాభాకు ఒక ప్రాథమిక కంటి కేంద్రం, అలాంటి పది కేంద్రాలకు, అంటే 5 లక్షల మందికి, శస్త్రచికిత్సలు చేసే ఒక ఆసుపత్రి, వాటిపైన హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ, భువనేశ్వర్‌లలోని పెద్ద ప్రాంగణాలు. ప్రాథమిక కేంద్రాన్ని నడిపేది డాక్టరు కాదు. ఆ చుట్టుపక్కల ఊళ్లలోనే పుట్టి, ఇంటర్ చదివి, ఏడాది శిక్షణ పొందిన యువతీయువకులు. అద్దాలు కావలసినవారికి అక్కడే నంబరు చూస్తారు, కంట్లో పొర, అంటే శుక్లం, వచ్చినవారిని పై ఆసుపత్రికి పంపుతారు.

ఈ దగ్గరతనం విలువ కూలి చేసుకునేవారికి తెలుస్తుంది. కంట్లో పొర వచ్చిన ముసలమ్మ ఒక్కతే బస్సెక్కి పట్నం పోలేదు. కొడుకో కోడలో పని మానుకుని వెంట రావాలి. ఆ రోజు కూలి పోతుంది, చార్జీలు, భోజనాలు అదనం. అందుకే "ఈ వయసులో నాకెందుకులే" అని ఆవిడే సర్దుకుంటుంది, ఇంట్లోవాళ్లూ ఊరుకుంటారు. ఉమ్మడి రాష్ట్రంలో 1996 నుంచి 2000 వరకు పదివేల మందికి పైగా ప్రజలను పరీక్షించి ఇదే సంస్థ జరిపిన అధ్యయనంలో 1.84 శాతం మందికి అంధత్వం ఉందని, అందులో 60 శాతానికి కారణాలు శుక్లాలు, అద్దాలతో సరిదిద్దగల దృష్టి లోపాలేనని తేలింది. అంటే వారిలో సగానికి పైగా చిన్న ఆపరేషనో ఒక జత కళ్లద్దాలో అందక చూపు కోల్పోయి ఉన్నవారే. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని నేను అనను. తెలంగాణలో 2018 ఆగస్టు 15న, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో మొదలైన కంటి వెలుగు కార్యక్రమాలు ఎంతోమందికి మొదటిసారిగా కంటి పరీక్ష చేయించాయి. అయితే శిబిరం వచ్చి వెళ్లిపోతుంది. చత్వారం అద్దాల నంబరు కొన్నేళ్లకే మారిపోతుంది, అద్దం పగిలితే మళ్లీ ఎవరిని అడగాలో తెలియదు, ఆపరేషన్ అవసరమని కాగితం రాసి ఇచ్చినవారు నిజంగా చేయించుకున్నారా లేదా అని వెతుక్కుంటూ వెళ్లి అడిగేవారుండరు. షుగరు ఉన్నవారి పరిస్థితి ఇంకా కష్టం. కంటి లోపలి నరాల పొర (రెటీనా) దెబ్బతింటున్నా మొదట్లో నొప్పి గానీ మసక గానీ ఉండదు. ఏటా పరీక్ష చేయిస్తేనే బయటపడుతుంది. నీటికాసులు, అంటే గ్లకోమా జబ్బుదీ ఇదే తీరు. ఇటువంటి వాటికి ఏడాది పొడుగునా తలుపు తెరిచి ఉండే కేంద్రం కావాలి.

ఎల్వీ ప్రసాద్ సంస్థ కేంద్రాలు ఇప్పటికే 200 దాటాయి కదా, మిగిలినవి కూడా వారే పెడతారులే అనుకోవడం సరికాదు. దాతల విరాళాలతో, డబ్బు చెల్లించే రోగులతో నడిచే సంస్థ ప్రతి మారుమూల మండలానికీ చేరడం కష్టం. గిరిజన ప్రాంతాల్లో చెల్లించే రోగులే ఉండరు.

అందుచేత రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలకు నా విన్నపం ఇది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఒక గదిని శాశ్వత కంటి కేంద్రంగా కేటాయించాలి. కంటి పరీక్షలు చేసే ఆప్తాల్మిక్ ఆఫీసర్ పోస్టులు ఎక్కడెక్కడ ఖాళీగా ఉన్నాయో జిల్లాలవారీగా ప్రకటించి భర్తీ చేయాలి. అవి నిండేలోగా స్థానిక యువతకు శిక్షణ ఇచ్చే బాధ్యతను అనుభవమున్న ధర్మసంస్థలకు ఒప్పందం ద్వారా అప్పగించి, వారి జీతాలను ప్రభుత్వమే భరించాలి. శుక్లాల ఆపరేషన్‌కు పంపిన ప్రతి వ్యక్తి పేరూ, ఆపరేషన్ జరిగిందో లేదో ఆశా కార్యకర్త దగ్గర నమోదై ఉండాలి, రోగికి తోడుగా వచ్చేవారికి రానుపోను బస్సు చార్జీ ఇవ్వాలి. మొదటి ఏడాది గిరిజన మండలాలతో ప్రారంభించి, తర్వాత మిగిలినవాటికి విస్తరిస్తే ఖర్చు కూడా ఒక్కసారిగా మీద పడదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నిర్మల్ జిల్లా