మూసేసిన ఫిర్యాదు మళ్ళీ తెరవమని

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
(కస్టమర్ కేర్‌కి కాదు. వాళ్ళకి రాసి రాసి విసిగిపోయాను.)

విషయం: నేపాల్‌లోని మనాస్లు శిఖర యాత్ర బుకింగ్, దాని మీద మీవాళ్ళు మూసేసిన ఫిర్యాదు గురించి

అయ్యా,

'మీ సమస్య పరిష్కారమైంది, మాతో మాట్లాడినందుకు ధన్యవాదాలు' అని నిన్న మీ సంస్థ నుంచి మెసేజ్ వచ్చింది. ఏ సమస్య పరిష్కారమైందో, ఎవరు పరిష్కరించారో అందులో లేదు. సమస్య నాది కాబట్టి, కనీసం నాకైనా తెలిసి ఉండాల్సింది.

ముందు నేనెవరో చెప్పుకోవాలి, మీ కంప్యూటర్‌కి ఎలాగూ తెలియడం లేదు. నల్గొండ దగ్గర ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌ని. భువనగిరి గుట్ట మీద తాడు పట్టడం నేర్చుకుని, డార్జిలింగ్‌లో పర్వతారోహణ బేసిక్, అడ్వాన్స్ కోర్సులు రెండూ పూర్తి చేశాను. హిమాలయాల్లో కేదార్‌కంఠ నుంచి ఫ్రెండ్‌షిప్ పీక్ దాకా అన్నీ మీతోనే వెళ్ళాను. మాదాపూర్‌లో ఈ అద్దాల ఆఫీసు రాకముందు, మీరే స్వయంగా టెంట్ల మూటలు జీపు మీదకి ఎక్కించిన రోజుల నాటి కస్టమర్‌ని. వేరేవాళ్ళు తక్కువకే తీసుకెళ్తామన్నా మా కాలేజీ పిల్లల్ని మీతోనే పంపాను. నా మొహం మీకు గుర్తుండకపోవచ్చు. డబ్బు అందినట్టు మాత్రం మీరిచ్చిన రసీదు నా దగ్గర ఉంది.

బుకింగ్ అప్పుడు మీ సేల్స్ కుర్రాడు చూపించిన ప్రేమ అంతా ఇంతా కాదు. రోజూ పొద్దున్నే పూల ఫొటోతో 'గుడ్ మార్నింగ్ అన్నా'. అడ్వాన్స్ 4 లక్షలు కట్టేదాకా 'అన్నా', కట్టిన మర్నాటి నుంచి 'సార్', ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాక 'డియర్ కస్టమర్'. ఇప్పుడసలు ఫోనే ఎత్తడు. ఉద్యోగం మారాడని మీవాళ్ళు చెప్పలేదు. అతని వాట్సాప్ స్టేటస్‌లో గోవా ప్యాకేజీలు కనబడితే నాకే అర్థమైంది.

నేను అడిగినవి గొంతెమ్మ కోర్కెలు కావు. 8,000 మీటర్లు దాటిన కొండకి వెళ్ళే ఎవరైనా అడిగేవే. నాతో వచ్చే షెర్పా ఎవరు, ఆయన ఇంతకు ముందు మనాస్లు ఎక్కారా, పర్మిట్ లిస్టులో నా పేరు చేరిందా, నాకు ఎన్ని ఆక్సిజన్ సిలిండర్లు ఇస్తారు. నిమిషానికి 2 లీటర్ల చొప్పున వాడితే 4 లీటర్ల సిలిండర్ సుమారు 10 గంటలు వస్తుంది. నాలుగో క్యాంపు 7,400 మీటర్ల ప్రాంతంలో ఉంటుంది. అక్కడి నుంచి 8,163 మీటర్ల శిఖరానికి వెళ్ళి క్షేమంగా దిగాలంటే ఈ లెక్క ముందే తేలాలి. ఎక్కాక తేల్చుకునేది కాదు.

దానికి మీవాళ్ళు రాసిన జవాబు: 'సార్, మీ ఆరోగ్యం మాకు ముఖ్యం. ఖాట్మండు హోటల్లో ఆక్సిజన్ అందుబాటులో ఉంటుంది.' ఖాట్మండు ఉన్నది 1,400 మీటర్ల ఎత్తులో. మా అత్తగారు మోకాళ్ళ నొప్పులతో వెళ్ళి పశుపతినాథుడి దర్శనం చేసుకుని వచ్చారు. ఆవిడకే ఆక్సిజన్ అవసరం పడలేదు.

మెయిల్ వల్ల కాదని ఫోన్ పట్టుకున్నాను. తెలుగు కోసం 2 నొక్కమంది, నొక్కితే హిందీ మాట్లాడే అమ్మాయి వచ్చింది. పాపం మర్యాదస్తురాలే. బుకింగ్ నంబరు అడిగి, ఫోన్ నంబరు అడిగి, పుట్టిన తేదీ అడిగి, వీసా కాపీ అప్‌లోడ్ చేయలేదు కాబట్టి ఫైలు ఆగిందంది. నేపాల్ వెళ్ళడానికి మనవాళ్ళకి వీసా అక్కర్లేదమ్మా, పాస్‌పోర్టు కాపీ ఎప్పుడో ఇచ్చాను అన్నాను. 'వీసా కాలమ్ ఖాళీగా ఉంటే సిస్టం ముందుకి పోదు సార్' అని వేరేవాళ్ళకి కలిపింది. కాసేపు పాట, తర్వాత లైన్ కట్. మళ్ళీ చేస్తే మళ్ళీ బుకింగ్ నంబరు, ఫోన్ నంబరు, పుట్టిన తేదీ. ఆ హోల్డ్ పాట మా చిన్నాడికి కూడా నోటికొచ్చేసింది, బడికి వెళ్తూ పాడుకుంటున్నాడు.

ఇంకోసారి ఎత్తిన అబ్బాయి మాత్రం తెలుగువాడే, హుషారైనవాడు. స్క్రీన్ చూసి, 'మనాస్లు కదా సార్, లార్క్యా పాస్, చాలా బ్యూటిఫుల్ ట్రెక్, అనుభవం లేకపోయినా పర్లేదు' అన్నాడు. నా గుండె జారిపోయింది. తీరా చూస్తే మీవాళ్ళు నన్ను మనాస్లు సర్క్యూట్‌లో వేశారు. 5,106 మీటర్ల కనుమ దాటి కొండ చుట్టూ తిరిగొచ్చే నడక అది. మంచి నడకే, కాదనను. కానీ అరుణాచలంలో గిరిప్రదక్షిణ చేసినట్టు చుట్టూ తిరిగి దణ్ణం పెట్టుకుని రావడానికి నేను అడ్వాన్స్ 4 లక్షలు కట్టలేదు కదా. సరిచేయమంటే 'రిక్వెస్ట్ రైజ్ చేశాను సార్, 48 గంటల్లో అయిపోతుంది' అన్నాడు. ఆ 48 గంటలు మీ గడియారంలో ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

ఈలోగా ఇన్సూరెన్స్ కాగితం పంపారు. 4,500 మీటర్ల వరకే వర్తిస్తుందట, తాళ్ళు కట్టుకుని ఎక్కే ప్రయాణాలకి అసలే వర్తించదట. మనాస్లు బేస్ క్యాంపే దాదాపు 4,800 మీటర్లు. అంటే వంటవాడు పెట్టే మొదటి టీ తాగకముందే నా ఇన్సూరెన్స్ అయిపోతుంది. 2012 సెప్టెంబరులో ఇదే కొండ మీద తెల్లవారుజామున క్యాంపులో నిద్రపోతున్నవాళ్ళ మీద మంచు చరియ పడి 11 మంది పోయారు. హెలికాప్టర్ పిలవాల్సి వస్తే డబ్బు ఎవరు కడతారని అడిగాను. 'ఆల్ ది బెస్ట్ సార్' అని, పక్కన కండలు చూపించే బొమ్మ పెట్టి పంపారు.

సీనియర్ మేనేజర్ అని చెప్పుకున్న ఒకాయన మాత్రం ఓపిగ్గా విన్నారు. విన్నారనే అనుకున్నాను. మనాస్లు మీద చాలా ఏళ్ళపాటు చాలామంది అసలు శిఖరానికి కాస్త ముందే ఆగి, ఫొటో దిగి వచ్చేసేవారు. 2021లో నేపాల్ పర్వతారోహకుడు మింగ్మా జి బృందం పక్క వాలులోకి దిగి, అడ్డంగా దాటి చిట్టచివరి మొన దాకా వెళ్ళింది. అప్పుడు డ్రోన్‌తో తీసిన ఫొటో చూశాక ఎవరు ఎక్కడ ఆగారో అందరికీ అర్థమైంది. మరి మీ బృందం ఎక్కడిదాకా వెళ్తుందండీ అని అడిగాను. 'సర్టిఫికెట్ అందరికీ వస్తుంది సార్, ఫ్రేమ్ కూడా మేమే కట్టించి ఇస్తాం, టెన్షన్ పడకండి.' ఇక ఆయనతో మాట్లాడేదేముంది.

అందుకే ఓ రోజు సెలవు పెట్టి మీ ఆఫీసుకే వచ్చాను. రిసెప్షన్ అమ్మాయి అపాయింట్‌మెంట్ ఉందా అంది. అపాయింట్‌మెంట్ కోసమే కదమ్మా ఫోన్లు చేసింది అంటే, ఆన్‌లైన్‌లో టికెట్ రైజ్ చేయమంది. ఆమె ఎదురుగా కూర్చునే నా ఫోన్‌లో టికెట్ పెట్టాను. 'మా ప్రతినిధి త్వరలో సంప్రదిస్తారు' అని మెసేజ్ వచ్చింది, చూపించాను. 'సంప్రదిస్తారు సార్' అంది. ప్రతినిధులు గాజు తలుపు అవతల సమోసాలు తింటున్నారు, నాకు కనబడుతూనే ఉన్నారు.

మధ్యాహ్నం దాకా నన్ను కూర్చోబెట్టిన సోఫా పక్కన డౌన్ సూట్ (పెద్ద కొండల మీద చలికి వేసుకునే ఈకల దుస్తులు) తొడిగిన బొమ్మ ఒకటి ఉంది. చేసే పని లేక దాన్నే చూస్తూ కూర్చున్నాను. దాని క్రాంపాన్లు (మంచు మీద జారకుండా బూట్ల కింద కట్టే ముళ్ళు) కుడి ఎడమలు మార్చి తొడిగారు, బకిళ్ళు రెండూ లోపలి వైపుకి ఉన్నాయి. అలా నడిస్తే ఒక కాలి ముళ్ళు రెండో కాలి పట్టీకి తగులుకుని బోర్లా పడతాం. డార్జిలింగ్‌లో క్రాంపాన్లు చేతికిచ్చిన రోజే చెప్పే సంగతి ఇది. శిఖరాలు ఎక్కిస్తామనే కంపెనీలో దాని ముందు నుంచి రోజూ నడిచి వెళ్ళే ఒక్కరి కంటికీ ఆనలేదంటే, నా మెయిల్ కనబడలేదని ఇంక ఆశ్చర్యపోవడం దేనికి?

చివరికి రసీదు వెనకాల చిన్న అక్షరాల్లో ఉన్న ఖాట్మండు భాగస్వామి నంబరుకి నేనే ఫోన్ చేశాను. ఇంత కాలంలో మనిషి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది ఆయనొక్కడే. హిందీలో, నెమ్మదిగా. ఎక్కడెక్కడ ఎక్కారు, ఎత్తుకి వెళ్తే దగ్గు వస్తుందా, బూటు సైజు ఎంత, లోపల ఎన్ని సాక్సులు వేస్తారు అని అడిగారు. ఆ తర్వాత మొహమాటపడుతూ అసలు సంగతి చెప్పారు. మీ దగ్గర నుంచి ఆయనకి నా పేరు వెళ్ళలేదు, డబ్బూ వెళ్ళలేదు. బృందంలో వాళ్ళ పేర్లు, పాస్‌పోర్టు కాపీలు ఇస్తేనే అక్కడి పర్యాటక శాఖ పర్మిట్ ఇస్తుంది. షెర్పాలకి కూడా ముందే ఇన్సూరెన్స్ చేయించాలి. లిస్టులో లేని మనిషికి షెర్పాని ఎలా కేటాయిస్తాం భాయ్ సాబ్ అన్నారు. ఆయన్ని నేనేమనగలను?

ఈ ముక్క మీకు రాసిన గంటలోపే జవాబొచ్చింది! భాగస్వాములని నేరుగా సంప్రదించడం కంపెనీ పాలసీకి విరుద్ధమట, మళ్ళీ చేస్తే బుకింగ్ రద్దయ్యే అవకాశం ఉందట. మీవాళ్ళకి మెయిల్ చదవడం, జవాబు రాయడం రెండూ వచ్చునని అప్పుడే తెలిసింది. నిన్న ఫిర్యాదు మూసేసింది కూడా బహుశా ఆ చేతులే.

వినాయక చవితి వెళ్ళిన వారానికల్లా ఖాట్మండులో ఉండాలి. కొండ కింది ఊరు సామాగావ్ చేరాలి, బేస్ క్యాంపులో పూజ కావాలి, ఒంటికి ఎత్తు అలవాటు పడేలా కింది క్యాంపులకి ఎక్కి దిగాలి, సెప్టెంబరు ఆఖర్లో వాతావరణం తెరిపిచ్చిన ఆ కొద్ది రోజుల్లోనే పైకి పోవాలి. మీ ఫైలు కదిలేదాకా ఆ కొండ మీద గాలి ఆగదు. ఇక్కడ మా ప్రిన్సిపాల్ గారు తేదీలు తెస్తే సెలవు కాగితం మీద సంతకం పెడతానంటున్నారు. విదేశీ ప్రయాణ అనుమతి ఫైలు హైదరాబాదులో ఆగి ఉంది. సొసైటీ లోన్ కిస్తీ మాత్రం ఒకటో తారీఖున ఠంచనుగా జీతంలో కోత పడుతోంది. దానికి ఏ సిస్టమూ అడ్డం రాలేదు.

ఇంకో మాట. మీ బ్రోచర్ మొదటి పేజీలో 2014 మే 25న మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కిన సంగతి పెద్ద అక్షరాల్లో వేసుకుని 'మన బిడ్డల స్ఫూర్తితో' అని రాసుకున్నారు. వాళ్ళు సాధన మొదలుపెట్టిన భువనగిరి గుట్ట మీద ఈ పొద్దు కూడా వీపు మీద ఇసుక సంచి వేసుకుని ఎక్కి దిగాను. ఆ పిల్లల వెనక తాడు దగ్గర నుంచి తిండి దాకా చూసుకున్న పెద్దలున్నారు. మీ కస్టమర్ వెనక ఎవరున్నారో మొదటి పేజీలో కాకపోయినా చివరి పేజీలోనైనా వేయండి. వాళ్ళ పేర్లు చెప్పుకుని నాకు అమ్మి, నా పేరు మాత్రం ఖాట్మండుకి పంపడం మరిచిపోయారు.

కాబట్టి నా పేరు ఆ లిస్టులో చేర్చండి. షెర్పా పేరు, సిలిండర్ల సంఖ్య, శిఖరం మొన దాకా చెల్లే ఇన్సూరెన్స్ కాగితం నాకు రాతపూర్వకంగా పంపండి. కుదరదంటారా, నా 4 లక్షలు వడ్డీతో సహా వెనక్కి ఇవ్వండి. నిజానికి ఈ రెండిట్లో ఏదైనా నాకు సమ్మతమేనని మొదటి ఫోన్ నాడే చెప్పాను. అప్పుడు ఎవరో ఒకరు నిజం చెప్పి ఉంటే ఇంత రాయాల్సిన పనే ఉండేది కాదు.

ఈ శుక్రవారం సాయంత్రం దాకా చూస్తాను. ఆ తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915తో మొదలుపెట్టి నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్ దాకా వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. మాదాపూర్ సోఫాలో నేను కూర్చోనక్కర్లేదు, మీవాళ్ళే నల్గొండ వచ్చి బెంచీ మీద కూర్చోవాలి. అక్కడ సమోసాలు దొరుకుతాయి, వాయిదా మాత్రం ఎంతసేపటికి పిలుస్తారో చెప్పలేను. నేపాల్ పర్యాటక శాఖకి ఇంగ్లిష్‌లో రాసిన ఉత్తరం సిద్ధంగా ఉంది. రెండు రాష్ట్రాల ట్రెక్కింగ్ వాట్సాప్ గ్రూపుల్లో 'ఏ కంపెనీ మంచిది సార్' అని నన్ను అడిగేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఇన్నాళ్ళూ ఏం చెప్పేవాణ్ణో మీకు తెలుసు. ఇకపై ఏం చెబుతానో మీ చేతుల్లో ఉంది.

ఇది స్పీడ్ పోస్టులో వస్తోంది. జవాబు కింద 'టీమ్ కస్టమర్ డిలైట్' అని కాకుండా ఒక మనిషి పేరు, హోదా, ఎత్తే ఫోన్ నంబరు ఉండాలి.

ఇట్లు,
మీ రికార్డుల ప్రకారం సమస్య తీరిపోయిన కస్టమర్

జతపరచినవి: అడ్వాన్స్ రసీదు కాపీ, పాస్‌పోర్టు కాపీ (మళ్ళీ), మీ పాలసీ హెచ్చరిక మెయిల్, ఆ 4,500 మీటర్ల ఇన్సూరెన్స్ కాగితం. వీసా కాపీ జతపరచలేదు, కారణం పైన రాశాను.