చిట్టికి, కారు గురించి

చిరంజీవి చిట్టికి, నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, కానీ తగ్గిందని ఒప్పుకోదు. నీ ఫోన్ వచ్చి రేపటికి 22 రోజులు. నేనేం లెక్కపెట్టలేదు, మీ అమ్మే క్యాలెండర్లో పాల లెక్క పక్కన గీతలు గీస్తోంది.

ఈ ఉత్తరం కారు గురించే. మొన్న శీను వచ్చాడు. అంబాసిడర్ ఇంజిన్ బోరింగ్ చేయించి ఎక్కించావట. స్టార్ట్ చేయగానే నూనె ఒత్తిడి గేజు 40 పౌండ్ల దాకా లేస్తుందట, పావుగంట తిరిగి వేడెక్కాక ఐడిల్‌లో 5కి పడిపోతుందట. వాడు ఇంకో మాట కూడా అన్నాడు గానీ, అది తర్వాత.

5 చూపిస్తుంటే బండి రోడ్డెక్కించడం లేదు కదా? కొత్త బేరింగులమ్మా. నూనె అందకపోతే షెల్స్, అంటే బేరింగు రేకులు, గీతలు పడతాయి, తర్వాత క్రాంక్ షాఫ్ట్‌ని తినేస్తాయి. మళ్ళీ గ్రైండింగ్, మళ్ళీ ఖర్చు. డబ్బులు ఎలా సర్దుతున్నావో నేను అడగను. జీతం వస్తోంది కాబట్టి సర్దుకుంటున్నావనుకుంటాను.

ముందు డ్యాష్‌బోర్డు గేజు మాట నమ్మకు. నా పాత ఇత్తడి గేజు, రాగి గొట్టంతో సహా, ఆర్టీసీ కార్గోలో పంపుతున్నాను. బ్లాకుకి నేరుగా బిగించి, ఇంజిన్ బాగా వేడెక్కాక చూడు. మన 1489 సీసీ పెట్రోలు బండికి వేడి మీద రోడ్డు స్పీడులో 50 పౌండ్ల చుట్టూ ఉండాలి. ఐడిల్‌లో 15 వచ్చినా నాకు చాలు. ఆ గేజులోనూ 5 ఉంటే అప్పుడు భయపడదాం. ఇంజిన్ తిరుగుతుండగా వంగి చూసేటప్పుడు చున్నీ తీసి పక్కన పెట్టు, జడ ముడేసుకో. ఫ్యాన్ బెల్టుకి మనుషుల్ని గుర్తుపట్టే అలవాటు లేదు.

నూనె ఏం పోశారు? ఇప్పటి కార్లకు పోసే 5డబ్ల్యూ30 పోసి ఉంటే తీసి పారబోయించు. ఈ ముసలి ఇంజిన్‌కి చిక్కటి 20డబ్ల్యూ50 కావాలి. సగం రోగం అక్కడే పోవచ్చు.

చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడికి పడిపోతే నూనె పలచనైనా అయ్యుండాలి, బేరింగుల్లో గ్యాప్ ఎక్కువైనా అయ్యుండాలి. చల్లగా ఉన్నప్పుడే లేవకపోతే నూనె పంపునో, చాంబర్లో, అంటే ఇంజిన్ కింది నూనె తొట్టిలో, జాలీనో అనుమానించాలి. ఒత్తిడి ఎక్కువైతే నూనెను వెనక్కి వదిలే రిలీఫ్ వాల్వు మాత్రం రెండు వేషాలూ వేస్తుంది. అది నాకెలా తెలిసిందో చెబుతాను.

నువ్వు పుట్టకముందు, ఆటోనగర్ షెడ్డులో, ఒక గన్నవరం టాక్సీకి బోరింగ్ చేశాను. సరిగ్గా నీ బండి లాగే వేడికి 10కి పడిపోయేది. చాంబర్ దించి కొత్త పంపు వేశాను. అదే 10. ఇంజిన్ మొత్తం దించాను. మెయిన్ బేరింగులు మూడూ విప్పి చూశాను, శుభ్రంగా ఉన్నాయి. మళ్ళీ ఎక్కించాను. అదే 10. పెదతాతయ్య బయట నులక మంచం మీద కూర్చుని రోజూ ఒకటే ప్రశ్న: "ఆ డోమ్ నట్టు విప్పావురా?" నేను పలికేవాణ్ణి కాదు. నాకు ఒకరు చెప్పాలా అని. టాక్సీ ఆయన పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడేవాడు, బండి లేకపోతే ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగదు. నాలుగో రోజు రాత్రి, పెదతాతయ్య నిద్రపోయాక, బ్లాకు వెనక ఎడమవైపు రిలీఫ్ వాల్వు మీద ఉన్న ఆ నట్టు విప్పాను. రెండు రాగి వాషర్లు, స్ప్రింగు, ప్లంజర్. ప్లంజర్ కూర్చునే చోట బనియన్ వేస్టు దారం ఒకటి, గోరంత. నేను తుడిచిన వేస్టే. దాంతో వాల్వు మూతపడక నూనె అంతా వెనక్కి కారిపోతోంది. దారం తీసి బిగించాను. 50.

పొద్దున్నే టాక్సీ ఆయనకు ఏం చెప్పానో తెలుసా? పంపు పోయిందన్నాను. పంపు డబ్బులు తీసుకున్నాను. ఈ ముక్క మీ అమ్మకు కూడా తెలీదు.

కాబట్టి ముందు ఆ నట్టు విప్పు. దారం గానీ, ఇసుక గానీ, ప్లంజర్ మీద గీతలు గానీ ఉన్నాయేమో చూడు. తర్వాత ఫిల్టర్ గిన్నె సీలు. అవన్నీ బాగుంటేనే చాంబర్ దించు. లేత్ వాళ్ళు క్రాంక్ 10 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) అరగదీశారా, 20 తీశారా అని చీటీ చూడు. ఉత్తర్‌పారాలో ఈ బండ్ల తయారీ 2014లోనే ఆగిపోయింది, ఇప్పుడు ఎవరి దగ్గర ఏ డబ్బాలో ఏ షెల్ ఉందో దేవుడికే ఎరుక. డబ్బా మీద అంకె కాదు, షెల్ వీపు మీద కొట్టిన అంకె చదువు. క్రాంక్ బేరింగులో తిరిగే చోటు, ఆ రెండు అంగుళాల జర్నల్‌కి రెండు థౌ గ్యాప్ చాలు. మెయిన్ బేరింగుల క్యాపులు తారుమారయ్యాయేమో కూడా చూసుకో. తొందర వద్దు, రోజుకొకటి చూడు.

శీను అన్న ఇంకో మాట: నువ్వు నెల నుంచి ఆఫీసుకు వెళ్ళడం లేదని. వాడి నోటికి అదుపు లేదు, నేను పట్టించుకోలేదు. వెళ్ళడం లేకపోయినా అన్నం మాత్రం వేళకు తిను. షెడ్డులో నిలబడి బిస్కెట్లు తినడం భోజనం కాదు.

గేజుతో పాటు గ్యాప్ కొలిచే ఫీలర్ గేజుల కట్ట, రెండు కొత్త రాగి వాషర్లు, మీ అమ్మ కట్టిన సున్నుండలు ఉన్నాయి. గ్రీజు చేత్తో ఆ డబ్బా ముట్టుకోకు. పార్సిల్ గురువారానికి అందాలి. అందగానే ఫోన్ చెయ్యి. ఆఫీసులో ఉంటే సాయంత్రం చెయ్యి. లేకపోతే పొద్దున్నే చెయ్యి, నేను ఐదింటికే లేస్తాను.

మీ నాన్న